దీపం వుండగానే... : హోవర్డ్ టేట్ అనే గాయకుడి కథ

"దీపం వుండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి" అనే సామెత మనం అమ్మమ్మల కాలం నుంచీ వింటున్నదే. ఇంచుమించు ఇదే భావం మీద అమెరికాలో ఒక పాట పుట్టింది. పాట పేరు "గెట్ ఇట్ వైల్ యూ కాన్". చేతికందినప్పుడే అందుకోమని దాని అర్థం. రేపన్నది వుంటుందో వుండదో తెలియదు కనుక ఎదురొచ్చిన ప్రేమని కాదనుకోవద్దన్నది పాట సారాంశం.

ఇంగ్లీషు పాటల మీద కాస్త మోజున్న వాళ్ళెవరినైనా "ఈ పాట ఎవరిది?" అని అడిగి చూడండి. "జానిస్ జాప్లిన్‌ది" అని ఠక్కున చెప్పేస్తారు. జాప్లిన్ 1970 అక్టోబరు 4న, ఇరవై ఏడేళ్ళ వయసులో చనిపోయింది. ఆమె పోయాక 1971 జనవరిలో "పెర్ల్" అనే ఎల్.పి. రికార్డు విడుదలైంది. అందులో ఆఖరి పాట ఇదే. చనిపోయిన పిల్ల గొంతులోంచి "అందినప్పుడే అందుకో" అన్న మాట వినబడుతుంటే ఎవరికి మాత్రం గుండె కలుక్కుమనదు? ఆ రికార్డు అమెరికా పట్టికల్లో మొదటి స్థానానికి ఎక్కి కూర్చుంది.

కానీ ఆమె కంటే మూడు నాలుగేళ్ళ ముందే ఆ పాట పాడినవాడు ఒకడున్నాడు. ఆయన పేరు హోవర్డ్ టేట్. నల్లజాతి గాయకుడు. ఆయన పాడినప్పుడు ఆ పాట హిట్ కాలేదు. తర్వాత కొంతకాలానికి ఆయన కూడా ఎవరికీ కనబడకుండా పోయాడు. ఇరవై ఏళ్ళకు పైగా, ఆయన బతికి వున్నాడో లేదో కూడా సంగీతాభిమానులకు తెలియదు. ఒక గొంతు ఇంత గొప్పదై వుండి, ఆ గొంతు గల మనిషి ఎందుకలా మరుగున పడిపోయాడు? అది తెలుసుకోవాలంటే ముందు ఆయన పాడిన సంగీతం ఎలాంటిదో కొంచెం చెప్పుకోవాలి.

సోల్ అంటే ఏమిటి?

"సోల్" అంటే ఆత్మ అని నిఘంటువు చెప్తుంది. సంగీతంలో మాత్రం అది ఒక శైలికి పేరు. నల్లవారి చర్చి పాటల్ని గాస్పెల్ అంటారు. ఆ గాస్పెల్ పాడే తీరునీ, బజారులో వినబడే బ్లూస్ పాటనీ కలిపి కాచి వడబోస్తే వచ్చిందే సోల్. చర్చిలో పాస్టరు ఒక మాట అంటే సభ మొత్తం బదులు పలుకుతుంది. మన బుర్రకథలో కథకుడు ఒక చరణం అనగానే అటూ ఇటూ వున్న వంతలు అందుకుంటారు చూడండి, అచ్చం అలాంటిదే. పాట ముదిరేకొద్దీ గొంతు వణుకుతుంది, విరుగుతుంది, కేకవుతుంది. అక్కడ శ్రుతి తప్పిందా లేదా అని ఎవరూ లెక్కపెట్టరు. మనసు పలికిందా లేదా అన్నదే లెక్క.

1954లో రే చార్లెస్ ఒక చర్చి పాట బాణీ మీద ఆడదాన్ని గురించి పాట కట్టి పాడినప్పుడు పెద్దలు కొందరు చెవులు మూసుకున్నారు. దేవుడికి పాడాల్సిన పాటని ప్రియురాలికి పాడతావా అని కోప్పడ్డారు. 1957లో శామ్ కుక్ చర్చి బృందాన్ని వదిలేసి ప్రేమ పాటలు మొదలుపెట్టాడు. ఇక ఆ తర్వాత గేట్లు తెరుచుకున్నాయి. 1960లు వచ్చేసరికి డెట్రాయిట్‌లో మోటౌన్, మెంఫిస్‌లో స్టాక్స్, న్యూయార్క్‌లో అట్లాంటిక్ కంపెనీలు ఈ పాటల్ని దేశమంతా వినిపించాయి. అరీతా ఫ్రాంక్లిన్, ఓటిస్ రెడ్డింగ్ లాంటి పేర్లు మన దేశంలో కూడా కొందరికి తెలుసు. అయితే ఒక్కో పెద్ద పేరు వెనకా పదేసి మంది చిన్న పేర్ల వాళ్ళున్నారు. మన టేట్ ఆ జాబితాలోని వాడు.

దక్షిణం నుంచి ఫిలడెల్ఫియాకి

టేట్ 1939లో జార్జియా రాష్ట్రంలో పుట్టాడు. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవారికి బస్సులో సీటు వేరు, బడి వేరు, మంచినీళ్ళ కుళాయి వేరు. ఆ అవమానాలు భరించలేకా, ఫ్యాక్టరీల్లో పని దొరుకుతుందన్న ఆశతోనూ 1910 నుంచి 1970 దాకా సుమారు అరవై లక్షల మంది నల్లవారు దక్షిణాదిని వదిలి పట్టణాలకు తరలిపోయారు. వలసపోయిన వాళ్ళు మూటాముల్లెతో పాటు చర్చి పాటల్ని కూడా పట్టుకెళ్ళారు. టేట్ కూడా చిన్నతనంలోనే ఫిలడెల్ఫియా చేరాడు. గాస్పెల్ పాటలతోనే గొంతు సవరించుకున్నాడు.

అక్కడే గార్నెట్ మిమ్స్ అనే మరో కుర్రాడితో స్నేహం కలిసింది. వీళ్ళిద్దరూ ఇంకొందరు కలిసి 1958లో "గెయినర్స్" అని ఒక బృందం కట్టారు. రికార్డులైతే వచ్చాయి గానీ పేరు రాలేదు. బృందం విడిపోయింది. టేట్ కొన్నాళ్ళు బిల్ డాగెట్ అనే ఆర్గాన్ విద్వాంసుడి బృందంలో పాడుతూ ఊళ్ళు తిరిగాడు. ఈలోగా 1963లో మిమ్స్ పాడిన "క్రై బేబీ" పెద్ద హిట్టయింది. దాన్ని తయారుచేసిన మనిషి జెర్రీ రాగవోయ్. ఆ మిమ్స్ ద్వారానే టేట్‌కి రాగవోయ్ పరిచయమయ్యాడు.

ఇద్దరూ కలిస్తే

రాగవోయ్ కూడా ఫిలడెల్ఫియా వాడే. కానీ తెల్లవాడు. పాటలు రాస్తాడు, బాణీలు కడతాడు, రికార్డింగు దగ్గరుండి నడిపిస్తాడు. 1964లో రోలింగ్ స్టోన్స్ పాడగా ప్రపంచమంతా మోగిన "టైమ్ ఈజ్ ఆన్ మై సైడ్" ఈయన రాసిందే. అందులో రచయిత పేరు నార్మన్ మీడ్ అని వుంటుంది. అది ఈయన మారుపేరు. న్యూయార్క్ స్టూడియోల్లోని గట్టి వాద్యగాళ్ళను తెచ్చి కూర్చోబెట్టి, గొంతులోని చర్చి పోకడని మాత్రం చెడనివ్వకుండా పాట చేయించడం ఆయన విద్య.

1966 నుంచి 1968 దాకా వర్వ్ కంపెనీకి వీళ్ళిద్దరూ కలిసి చేసిన పాటలే టేట్ జీవితంలో ముఖ్యమైనవి. మొదటిది "ఎయింట్ నోబడీ హోమ్". బిల్‌బోర్డ్ పత్రిక నల్లవారి పాటలకు విడిగా వేసే రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో అది 12వ స్థానం దాకా వెళ్ళింది. అందరి పాటలూ కలిపి వేసే పాప్ పట్టికలో మాత్రం 63 దగ్గరే ఆగిపోయింది. ఈ రెండు అంకెల్లోనే కథంతా వుంది. తనవాళ్ళలో పేరు తెచ్చుకున్నాడు గానీ గోడ దాటి అవతలికి వెళ్ళలేకపోయాడు. ఆ తర్వాత "లుక్ ఎట్ గ్రానీ రన్ రన్", "స్టాప్" వచ్చాయి. వాటి కథా ఇంతే. 1967లో "గెట్ ఇట్ వైల్ యూ కాన్" పేరుతో ఎల్.పి. వచ్చింది.

ఇక ఆయన గొంతు గురించి. మామూలుగా మాట్లాడుతున్నట్టు మొదలుపెడతాడు. తొందర లేదు. అలా పాడుతూ పాడుతూ వుండగానే గొంతు ఒక్కసారి పైస్థాయికి ఎగిరిపోతుంది. దీన్ని వాళ్ళు ఫాల్సెటో అంటారు, మనవాళ్ళు దొంగగొంతు అంటారు. చాలామంది పాడితే ఆ అతుకు తెలిసిపోతుంది. టేట్ పాడితే తెలియదు. కింది గొంతు ఎక్కడ ఆగిందో, పై గొంతు ఎక్కడ అందుకుందో చెప్పలేం. చుట్టూ బాకాలూ డ్రమ్ములూ ఎంత హోరెత్తినా ఆయన అరిచి వాటిని జయించాలనుకోడు. జాప్లిన్ అదే పాటని ఊపిరంతా పెట్టి, ఒళ్ళు తగలబెట్టుకున్నట్టు పాడుతుంది. టేట్ పక్కన కూర్చుని నచ్చజెప్తున్నట్టు పాడతాడు. ఏది గొప్ప అంటే నేను చెప్పలేను. రెండూ విన్నవాడికి మాత్రం రెండోది లేకుండా మొదటిది సగమే అనిపిస్తుంది.

గాయకులకూ వాద్యగాళ్ళకూ ఆయన విలువ బాగా తెలుసు. "స్టాప్" పాటని జిమి హెండ్రిక్స్ కచేరీలో వాయించాడు. "ఎయింట్ నోబడీ హోమ్"ని బి.బి. కింగ్ 1971లో లండన్‌లో చేసిన రికార్డుకి పాడాడు. "గ్రానీ" పాటని 1979లో రై కూడర్ పాడాడు. ఇంకో చిత్రం చూడండి. జాప్లిన్ "పెర్ల్"లో "క్రై బేబీ" కూడా వుంది. అంటే ఒకప్పుడు ఫిలడెల్ఫియాలో ఒకే బృందంలో పాడిన ఇద్దరు కుర్రాళ్ళ పాటలు రెండూ ఆ ఒక్క రికార్డులో చేరాయన్నమాట. అట్ట మీద మాత్రం ఆ కుర్రాళ్ళ పేర్లు లేవు.

పాట ఎవరిది?

ఇక్కడ కాస్త లెక్కల్లోకి దిగక తప్పదు. మనం రికార్డు అనుకునే దాంట్లో చట్టం లెక్కన రెండు ఆస్తులుంటాయి. ఒకటి పాట, అంటే మాటలూ బాణీ. అది రాసిన వాళ్ళదీ, ప్రచురించిన వాళ్ళదీ. రెండోది ఆ పాటని ఒక గొంతుతో పాడించి ముద్రించిన ధ్వని. అది సాధారణంగా కంపెనీది. మధ్యలో పాడినవాడిది ఏమిటి? కంపెనీతో రాసుకున్న కాగితంలో ఏముంటే అది. ఆ వచ్చే కొద్ది శాతంలోంచి కూడా స్టూడియో ఖర్చులూ, ముందు ఇచ్చిన అడ్వాన్సూ కోసుకున్నాకే మిగతాది చేతికొస్తుంది.

జాప్లిన్ పాడిన "గెట్ ఇట్ వైల్ యూ కాన్"ని రాసినవాళ్ళు రాగవోయ్, మోర్ట్ షూమన్. 1909 చట్టం పెట్టిన రేటు ప్రకారం అప్పట్లో అమ్ముడయ్యే ఒక్కో కాపీ మీద ఒక్కో పాటకు గరిష్ఠంగా రెండు సెంట్లు రచయిత వైపుకి వెళ్ళాలి. "పెర్ల్" లక్షల్లో అమ్ముడుపోయింది. ఆ రెండు సెంట్లలో టేట్ వాటా సున్నా. ఇందులో ఎవరూ ఎవర్నీ మోసం చెయ్యలేదు. రాసినవాళ్ళకి న్యాయంగా రావలసిందే వచ్చింది. జాప్లిన్ తన ప్రాణం పెట్టి పాడింది. కానీ ఆ పాటకు మొదట ప్రాణం పోసిన మనిషికి అణా పైసా దక్కాలని చట్టంలో ఎక్కడా లేదు.

రేడియో సంగతి ఇంకా వింత. అమెరికాలో మామూలు రేడియో స్టేషన్ ఒక పాట వేస్తే రచయితకు డబ్బు ఇస్తుంది, పాడినవాడికి ఇవ్వదు. రేడియోలో వేస్తే నీ రికార్డే కదా అమ్ముడయ్యేది అని వాళ్ళ వాదన. పైగా ధ్వనిముద్రణలకు ఆ దేశపు కేంద్ర చట్టంలో రక్షణ మొదలైంది 1972 ఫిబ్రవరి 15 నుంచి. అంతకుముందు చేసినవి ఆ గీతకు అవతలే వుండిపోయాయి. టేట్ గొప్ప పాటలన్నీ 1966–68 నాటివి! 1995లో డిజిటల్ ప్రసారాలకు పాడినవాళ్ళకూ డబ్బివ్వాలని చట్టం వచ్చింది. అయినా పాత రికార్డుల సంగతి తేలలేదు. చివరికి 2018లో వచ్చిన చట్టం ఆ కొరత తీర్చింది. అప్పటికి టేట్ చనిపోయి ఏడేళ్ళు.

ఈ తగువు మనకి మాత్రం తెలియనిదా? మన దేశంలో కళాప్రదర్శకుల హక్కు అనేది 1957 నాటి కాపీరైట్ చట్టంలోకి 1994 సవరణతో గాని రాలేదు. రాయల్టీ మాట 2012 సవరణతో చేరింది. 2017లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు అమెరికాలో కచేరీలు చేస్తుండగా, తన పాటలు అనుమతి లేకుండా పాడవద్దని ఇళయరాజా గారి తరఫున నోటీసు వెళ్ళింది. బాలు గారు ఆ యాత్రలో ఆ పాటలు మానుకున్నారు. చట్టం ఎవరి పక్షమన్నది అలా వుంచండి. "పాట ఎవరిది?" అన్న ప్రశ్న మాత్రం ఆ రోజు ప్రతి తెలుగింట్లోనూ వినబడింది.

దీపం కొండెక్కిన రోజులు

రాగవోయ్ తోడు లేకుండా టేట్ ఒక రికార్డు చేశాడు. మళ్ళీ ఇద్దరూ కలిసి 1972లో అట్లాంటిక్ కంపెనీకి ఇంకొకటి చేశారు. మంచి రికార్డే. కానీ అమ్ముడుపోలేదు. తన పాటల మీద రావలసిన డబ్బు రాలేదన్న బాధ ఆయన మనసులో బాగా నాటుకుంది. ఆ మాట ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. 1970ల చివరికి పాట మానేశాడు. ఇన్సూరెన్స్ పాలసీలు అమ్మి సంసారం నెట్టుకొచ్చాడు.

అంతటితో ఆగినా బాగుండేది. పదమూడేళ్ళ కూతురు ఇంట్లో అగ్నిప్రమాదంలో చనిపోయింది. ఆ దెబ్బకి మనిషి కుంగిపోయాడు. సంసారం చెదిరింది. 1980ల్లో మాదకద్రవ్యాలకు బానిసై, కొన్నాళ్ళు ఇల్లూ వాకిలీ లేకుండా న్యూజెర్సీ రాష్ట్రంలోని కామ్డెన్ వీధుల్లో గడిపాడు. బి.బి. కింగ్ లాంటి వాళ్ళు ఎత్తుకున్న పాటల మనిషి, పేవ్‌మెంట్ మీద పడుకున్నాడు. పక్కనుంచి వెళ్ళే వాళ్ళెవరికీ ఆయనెవరో తెలియదు.

అయితే మనిషి అక్కడే అంతమైపోలేదు. 1990ల్లో మత్తు వదిలించుకున్నాడు. బోధకుడయ్యాడు. తనలాగే వీధిన పడ్డవాళ్ళకీ, మత్తులో చిక్కుకున్నవాళ్ళకీ ఆసరాగా నిలబడ్డాడు. చర్చి నుంచి బయల్దేరిన గొంతు చర్చికే తిరిగొచ్చింది. ఆ సమయంలోనే, 1995లో, ఆయన పాత పాటలన్నీ సీడీగా మళ్ళీ మార్కెట్లోకొచ్చాయి. కొన్నవాళ్ళు ఈ మహానుభావుడు ఏమైపోయాడా అని బుర్రలు బద్దలు కొట్టుకున్నారు. పోయివుంటాడని చాలామంది తీర్మానించేశారు కూడా.

సూపర్ మార్కెట్లో దొరికిన గాయకుడు

ఫిల్ కాస్డెన్ అనే ఒక రేడియో వ్యాఖ్యాత న్యూజెర్సీలో టేట్ పాటలు వేస్తూ, ఈయన జాడ తెలిసిన వాళ్ళెవరైనా చెప్పండయ్యా అని తన శ్రోతల్ని అడుగుతుండేవాడు. 2001 సంవత్సరం మొదట్లో, న్యూజెర్సీలోని ఒక సూపర్ మార్కెట్లో సరుకులు కొనుక్కుంటున్న టేట్‌ని పాతకాలపు గాయకుడొకాయన గుర్తుపట్టాడు. నీకోసం జనం వెతుకుతున్నారని చెప్పాడు. కాస్డెన్‌కి కబురందింది. తన కోసం ఎవరో వెతుకుతున్నారనే సంగతే అప్పటిదాకా టేట్‌కి తెలియదు.

ఆ ఏడే మళ్ళీ వేదిక ఎక్కాడు. రాగవోయ్ కూడా ముసలివాడయ్యాడు గానీ టేట్ కోసం మళ్ళీ స్టూడియోకి వచ్చాడు. ఇద్దరూ కలిసి 2003లో "రీడిస్కవర్డ్" అనే రికార్డు విడుదల చేశారు. అరవై దాటిన మనిషి. అన్నాళ్ళ చలీ ఆకలీ మత్తూ చూసిన శరీరం. అయినా ఆ పైస్థాయి గొంతు ఎక్కడికీ పోలేదు. అతుకు తెలియకుండా అలాగే ఎగిరింది. ఆ రికార్డు గ్రామీ అవార్డుకు నామినేట్ అయింది. అందులో "గెట్ ఇట్ వైల్ యూ కాన్" మళ్ళీ పాడాడు. ఇరవై ఏడేళ్ళ కుర్రవాడుగా ఆ పాట మొదట పాడినప్పుడు అది ఒక సలహా. ఈసారి అది అనుభవం.

ఆ తర్వాత ఇంకో రెండు మూడు రికార్డులు వచ్చాయి. 2011 జూలైలో రాగవోయ్ పోయాడు. అదే ఏడాది డిసెంబరు 2న టేట్ కూడా వెళ్ళిపోయాడు. వయసు 72.

చివరగా

ప్రతిభ వుంటే పేరు దానంతటదే వస్తుందని మనకి చిన్నప్పటి నుంచీ చెప్తూ వుంటారు. టేట్ జీవితం చూశాక ఆ మాట నేను అంత ధైర్యంగా అనలేను. ఆయనకి ప్రతిభ తక్కువై కాదు, పేరు రానిది. పట్టికలు రంగుని బట్టి రెండుగా వున్నాయి. చట్టం పాడినవాణ్ణి లెక్కలోకి తీసుకోలేదు. ఇంట్లో జరగరానిది జరిగింది. ఇన్నీ కలిసి ఒక మనిషిని ముప్పై ఏళ్ళు మింగేశాయి. ఆయన తిరిగి దొరకడం కూడా న్యాయం గెలవడమేమీ కాదు. ఒక అభిమాని పట్టుదలా, ఒక సూపర్ మార్కెట్టూ కలిసి చేసిన మేలు. అంత అదృష్టం దొరకని వాళ్ళు ఎందరున్నారో!

అయినా వినేవాడి చేతిలో ఒక పని వుంది. అది పెద్ద పనేమీ కాదు. మన వార్షికోత్సవాల్లో పాట పాడేముందు "ఇది ఫలానా హీరో సినిమాలోది" అని మైకులో చెప్తాం. రాసినదెవరో, బాణీ ఎవరిదో, మొదట పాడినదెవరో చెప్పం. ఇకనుంచి ఆ మూడు పేర్లూ చెప్దాం. అరనిమిషం కూడా పట్టదు. ఇక జాప్లిన్ పాట విన్నవాళ్ళు ఒక్కసారి టేట్ పాట కూడా వినండి. ఆ పాటలో చెప్పినట్టే, గుర్తుపెట్టుకోవలసిన వాళ్ళని వాళ్ళు మన మధ్య వుండగానే గుర్తుపెట్టుకోవాలి. దీపం కొండెక్కాక వొత్తి ఎగదోసి లాభం లేదు.